గ్రినెల్‌లో తలుపు తట్టడం నేర్చుకోవాలి

మీ అమ్మాయికి అమెరికాలో ఐయోవా రాష్ట్రంలోని గ్రినెల్ కాలేజీలో సీటొచ్చిందనీ, 1,700 మంది దాకానే చదివే అంత చిన్న కాలేజీలో సౌకర్యాలు ఏపాటి ఉంటాయోననీ, మనవాళ్లెవరూ లేని ఊళ్లో పిల్ల ఒంటరిదైపోతుందేమోననీ అడిగారు. మాది రాజమండ్రి. 2013 నుంచి 2017 దాకా నేను అక్కడే చదివాను. వెళ్లేముందు మా నాన్నగారు కూడా సరిగ్గా ఈ రెండు ప్రశ్నలతోనే నెల రోజులు నిద్రపోలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నానండీ.

సౌకర్యాల గురించి టెన్షన్ అక్కర్లేదు. 1846లో పెట్టిన కాలేజీ అది, డబ్బున్న కాలేజీ. బర్లింగ్ లైబ్రరీ, నోయిస్ సైన్స్ సెంటర్, మంచి జిమ్, ఈత కొలను, నాటకాల హాళ్లు అన్నీ ఉన్నాయి. కెల్లాగ్ అనే ఊరి దగ్గర 365 ఎకరాల గడ్డి మైదానాన్ని పర్యావరణ పరిశోధన కోసమే ఉంచుకున్నారు. అయితే నాలుగేళ్లు ఉన్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ కాలేజీలో అసలు ఆస్తి భవనాలు కాదు, మనుషుల సమయం. ఆ సమయం కావాలంటే మనమే వెళ్లి తలుపు తట్టాలి. మన పిల్లలకు అక్కడే కష్టం.

నా సంగతే చెప్తాను. ఇంటర్ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. అక్కడ డౌట్ అడగడమంటే క్లాసులో వినలేదని ఒప్పుకోవడమే. రెండేళ్లలో నేను నోరు మూసుకోవడం బాగా నేర్చుకున్నాను. గ్రినెల్‌లో అందరూ తప్పనిసరిగా తీసుకోవాల్సిన కోర్సు ఒక్కటే, మొదటి సెమిస్టర్‌లో ఉండే ట్యుటోరియల్. మా ట్యుటోరియల్‌లో పన్నెండు మందిమి. ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడాలి, చదవాలి, రాయాలి. నా మొదటి పేపర్‌లో పుస్తకంలో ఉన్నదంతా శ్రద్ధగా, వరసగా రాసిచ్చాను. తిరిగొచ్చిన కాగితం చివర ప్రొఫెసర్ ఒకటే వాక్యం రాశారు: ‘ఇందులో నువ్వు ఎక్కడున్నావు?’

మూడు రోజులు గదిలోనే ఉన్నాను. నాలుగో రోజు ఆయనే మెయిల్ పెట్టారు, ఆఫీస్ అవర్స్‌లో ఒకసారి రమ్మని. ఆఫీస్ అవర్స్ అంటే ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చని ప్రొఫెసర్లు తలుపు తెరిచి ఉంచే గంటలు. తిడతారేమోనని వెళ్లాను. ఆయన మార్కుల మాటే ఎత్తలేదు. పుస్తకంలో వాదించుకుంటున్న ఇద్దరిలో ఎవరి మాట నీకు నచ్చలేదు అని అడిగారు. చెప్పడం మొదలుపెట్టాను, పది నిమిషాలు ఆగలేదు. ‘ఇదే రాసుకురా’ అన్నారు. ట్యుటోరియల్ చెప్పిన ప్రొఫెసరే, పిల్లలు రెండో ఏడాదిలో మేజర్, అంటే ముఖ్య సబ్జెక్టు, ఎంచుకునేదాకా వాళ్లకు సలహాదారుగా కూడా ఉంటారు. కాబట్టి మీ అమ్మాయి తట్టాల్సిన మొదటి తలుపు అదే.

రెండోది, మా రోజుల్లో రైటింగ్ ల్యాబ్ అని పిలిచిన చోటు. అప్పుడు అక్కడ పేపర్లు చూసి పక్కన కూర్చుని మాట్లాడింది సీనియర్లు కాదు, ఆ పనికే పెట్టుకున్న ఉద్యోగులు. వెనకబడినవాళ్లు వెళ్లే చోటనుకుని మొదటి సెమిస్టర్ సగం దాకా నేను అటు వెళ్లలేదు. తీరా వెళ్లి చూస్తే, మా క్లాసులో అందరికంటే బాగా రాసే అమెరికన్ అమ్మాయి నా ముందు సీట్లో తన వంతు కోసం కూర్చుని ఉంది. అది చూశాక నా సిగ్గు పోయింది. లెక్కలకు మ్యాథ్ ల్యాబ్ ఉంటుంది. సాయంత్రాలు అక్కడ కూర్చుని హోంవర్క్ చేసుకోవచ్చు, ఆగిపోయిన చోట అడగొచ్చు.

అక్కడ చదివినవాళ్లలో మీకు తెలిసిన పేరొకటి చెప్తాను. ఇంటెల్ స్థాపించిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ నోయిస్ 1949లో ఇక్కడే డిగ్రీ పూర్తి చేశారు. ట్రాన్సిస్టర్ అనే కొత్త వస్తువు గురించి ఆయనకు ఆసక్తి కలిగింది ఈ పల్లెటూరి కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన గ్రాంట్ గేల్ దగ్గరే. సైన్స్ సెంటర్‌కు పెట్టింది ఈ నోయిస్ పేరే. ఆ సంగతి తెలిశాక ఆ భవనం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది నోయిస్ కంటే ఎక్కువగా ఆ టీచరే.

లైబ్రరీ గురించి ఎంత చెప్పినా తక్కువే. హిస్టరీ మేజర్‌గా నేను ధవళేశ్వరం ఆనకట్ట మీద పనిచేశాను. చిన్నప్పుడు కాటన్ దొర విగ్రహానికి దండలు వెయ్యడం చూశాను తప్ప, 1847 నుంచి 1852 దాకా ఆ ఆనకట్ట ఎలా లేచిందో, ఎవరు కట్టారో, ఎవరికి కూలి ఎంత ముట్టిందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఐయోవాలో ఆ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయనుకున్నాను. లైబ్రేరియన్‌తో అపాయింట్‌మెంట్ తీసుకుంటే గంటసేపు నాతోనే కూర్చుని ఎలా వెతకాలో చూపించారు. మా లైబ్రరీలో లేనివి వేరే యూనివర్సిటీల నుంచి పైసా ఖర్చు లేకుండా తెప్పించి ఇచ్చారు. ఆ పనినే తర్వాత మ్యాప్‌గా చేశాను. ప్రొఫెసర్ పర్యవేక్షణలో చేసే పెద్ద ప్రాజెక్టును అక్కడ మ్యాప్ అంటారు. వేసవిలో చేస్తే పది వారాల పూర్తికాలం పని, దానికి డబ్బు కూడా ఇస్తారు. గోదావరి ఒడ్డున పుట్టి, గోదావరిని అర్థం చేసుకోవడానికి అంత దూరం వెళ్లాల్సి వచ్చిందేమిటని బాధపడ్డాను, ఆ వేసవంతా సంతోషంగానూ ఉన్నాను.

ఉద్యోగం సంగతి. ఎఫ్‌-1 అనే విద్యార్థి వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచెయ్యకూడదు. నేను భోజనశాలలో చేశాను. 2016లో అక్కడ పనిచేసే విద్యార్థులు సొంతంగా యూనియన్ పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ల పిల్లలు జీతం గురించి బల్ల ముందు కూర్చుని మాట్లాడటం చూసి నాకెంతో ధైర్యం వచ్చింది. డిగ్రీ అయ్యాక పనిచెయ్యడానికి ఓపీటీ కింద 12 నెలలు దొరుకుతాయి, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కింద లెక్కించే మేజర్ అయితే ఇంకో 24 నెలలు. ఏ మేజర్ ఆ కిందకు వస్తుందో, రెండో ఏడాదిలో మేజర్ రాసివ్వకముందే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడిగి తెలుసుకోమనండి. నాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. తెలిసినా హిస్టరీనే తీసుకునేదాన్ని, కానీ ముందే తెలిసుంటే ఇంట్లో చెప్పుకునే మాటలు వేరుగా ఉండేవి.

ఒంటరితనం ఉంటుందండీ, లేదని చెప్పను. ఊరు చిన్నది. పెద్ద ఊరు డెమాయిన్ కారులో గంట ప్రయాణం. జనవరిలో సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోయే రోజులుంటాయి. హాస్టల్ భవనాలను కలుపుతూ లాగియా అనే కప్పున్న నడవాలు ఉన్నాయి కాబట్టి కొంత నయం. క్యాంపస్ మధ్యలోంచే రైలు పట్టాలు పోతాయి. అర్ధరాత్రి గూడ్సు బండి కూత వింటే మొదటి నెలలో నాకు గోదావరి బ్రిడ్జి గుర్తొచ్చి ఏడుపొచ్చేది.

మొదటి ఏడాది ఆ బెంగ తగ్గించింది హోస్ట్ ఫ్యామిలీ. ఊళ్లోని ఒక కుటుంబం మనల్ని తమ మనిషిగా చూసుకుంటుంది. వాళ్లింట్లో ఉండక్కర్లేదు, పండగలకూ సెలవులకూ భోజనానికి పిలుస్తారు. నన్ను చూసుకున్న ఆవిడ రిటైరైన టీచర్. నేను పులిహోర చేసి తీసుకెళ్తే, ఇంగువ పేరు రాయించుకుని కొని తెచ్చుకున్నారు. దీనికి మీ అమ్మాయిని తప్పకుండా పేరు ఇవ్వమనండి. హాస్టళ్లలో అందరికీ కలిపి వంటగదులు ఉంటాయి, ఊళ్లో హైవీ అనే పెద్ద సరుకుల కొట్టు ఉంది, బియ్యానికీ పెరుగుకూ లోటుండదు. కందిపప్పు, ఆవకాయ మాత్రం ఇంటినుంచే.

రెండో ఏడాది చలికాలంలో నాకు పొద్దున్నే మంచం దిగబుద్ధయ్యేది కాదు. బద్ధకమనుకున్నాను. స్నేహితురాలు చెయ్యి పట్టుకుని కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆరుసార్లు వెళ్లాను. అది జబ్బు ముదిరినవాళ్లు మాత్రమే వెళ్లే చోటు కాదని మీరే ఇంటినుంచి ఒక మాట చెప్పి పంపండి. అమ్మానాన్నల నోట విన్నదయితే, ఆ తలుపు తట్టడం తేలికవుతుంది.

ఫోన్ చేసినప్పుడు మార్కులు ఆఖరున అడగండి. ఈ వారం ఏ ప్రొఫెసర్ గదికి వెళ్లావు, ఏం మాట్లాడావు అని ముందు అడగండి. మా నాన్నగారు అలా అడగడం మొదలుపెట్టాకే నేను వెళ్లడం పెరిగింది. ఆగస్టులో వాళ్లకూ మనకూ పదిన్నర గంటల తేడా, నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక పదకొండున్నర. మీకు రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ చలికాలంలో పొద్దున తొమ్మిది, అప్పుడు క్లాసులుంటాయి. ఆదివారం చేయండి.