పాత స్టాండర్డుల సంగతేంటని అడిగారు.. ఈ పని కొనసాగించాలా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. జీఫోర్ట్రాన్ కంపైలర్‌లో (ఫోర్ట్రాన్ భాషలో రాసిన ప్రోగ్రామును కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చేది) ఒక బగ్ సరిచేసి ప్యాచ్ (కోడ్‌లో చేసిన ఆ మార్పు) పంపితే, దాన్ని చూసేవాళ్లు ‘పాత స్టాండర్డుల్లో ఎలా పనిచేస్తుందో చూశారా?’ అని అడిగారు. నాన్నేమో ఇదంతా మానేసి అమీర్‌పేటలో జావా కోర్సులో చేరమంటున్నారు. ఏం చేయాలి?
- ఓ విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ ప్యాచ్ పూర్తిచేయండి. కంపైలర్ ఉద్యోగంలో రోజూ ఎదురయ్యే ప్రశ్నే మిమ్మల్ని అడిగారు.

ఫోర్ట్రాన్ 1957 నాటి ప్రోగ్రామింగ్ భాష. తర్వాత 77, 90, 95, 2003 అంటూ 2023 దాకా స్టాండర్డులు, అంటే ఆ భాష నియమాల కొత్త వెర్షన్లు, వచ్చాయి. పాత ప్రోగ్రాములు మాత్రం ఇంకా నడుస్తున్నాయి. మీకు దగ్గర్లోనే, ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) సముద్రం అంచనాలకు వాడే రోమ్స్ అనే కంప్యూటర్ మోడల్ ఫోర్ట్రాన్‌లో రాసిందే.

మీ ప్యాచ్ అరే (విలువల వరుస) రాసే చోటును తాకిందనుకోండి. [1, 2, 3] అని చదరపు బ్రాకెట్లలో రాయడం 2003తో వచ్చింది. అంతకుముందు (/ 1, 2, 3 /) అనే రాయాలి. మామూలుగా కంపైల్ చేస్తే రెండూ చెల్లుతాయి. ఎఫ్95 (ఫోర్ట్రాన్ 95) స్టాండర్డు ప్రకారమే కంపైల్ చేయమంటే మాత్రం మొదటిదానికి ఎర్రర్ రావాలి. మీ మార్పు వల్ల అది రాకుండా పోతే, ఒక బగ్ తీసి ఇంకోటి పెట్టినట్టే. అర్థమెటిక్ ఇఫ్‌ది (విలువ సున్నాకన్నా తక్కువా, సున్నానా, ఎక్కువా అన్నదాన్ని బట్టి మూడు చోట్లలో ఒకదానికి పంపే పాత పద్ధతి) ఇంకో కథ. 2018 స్టాండర్డు దాన్ని తీసేసింది, అయినా జీఫోర్ట్రాన్ మామూలుగా వార్నింగ్ ఇచ్చి కంపైల్ చేస్తుంది. ‘స్టాండర్డులో లేదు కదా’ అని మీరు ఆపేస్తే ఎవరిదో ఏళ్లనాటి కోడ్ ఆగిపోతుంది.

జీఫోర్ట్రాన్ సోర్సు కోడ్‌లో జీఎఫ్‌సీ_నోటిఫై_ఎస్‌టీడీ (gfc_notify_std) అనే ఫంక్షన్ వెతకండి. అడిగిన స్టాండర్డును బట్టి ఎర్రరా, వార్నింగా అని తేల్చేది అదే. సొంతంగా ఇంకో ఇఫ్ రాయకుండా దాన్నే వాడండి. తర్వాత రెండు టెస్టులు రాయండి: ఒకటి మామూలుగా కంపైల్ కావాలి, రెండోది ఎఫ్95తో ఎర్రర్ ఇవ్వాలి. ఫోర్ట్రాన్ టెస్టులన్నీ నడిపాకే మళ్లీ పంపండి.

నాన్నగారి భయం అర్థం లేనిది కాదు. ఫ్రెషర్లకు జావా ఉద్యోగాలే ఎక్కువ, కంపైలర్ ఉద్యోగాలు తక్కువ. సెలవుల్లో జావా నేర్చుకోండి, నష్టం లేదు. కానీ ఏఎమ్‌డీ, క్వాల్‌కామ్ లాంటి చిప్ కంపెనీలకు మన ఊళ్లో ఆఫీసులున్నాయి, చిప్ చేసేవాళ్లకు కంపైలర్ తెలిసినవాళ్లు కావాలి. సీ++, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ గట్టిగా చదవండి. జీఫోర్ట్రాన్ వాళ్లు ప్యాచ్ తీసుకున్నాక దాన్ని రెజ్యూమెలో అన్నిటికన్నా పైన పెట్టండి. ఆ రెండో టెస్టు ఎందుకు రాశారో ముందుగా నాన్నగారికే వివరించి చూడండి. ఇంటర్వ్యూలోనూ అదే అడుగుతారు.