జట్టు ప్రయాణం సరే, పూచీ ఎవరిది?

ప్రశ్న: మా అమ్మాయి అండర్-14 వాలీబాల్ జట్టులో ఆడుతోంది. మూడు నెలల్లో వేరే ఊళ్లో టోర్నమెంటు ఉంది. 14 మంది పిల్లలు, ఇద్దరు కోచ్‌లు, వెంట కొందరు తల్లిదండ్రులు వెళ్తాం. బస, ప్రయాణం ఏర్పాట్లన్నీ నాకే అప్పగించారు. నిర్వాహకుల జాబితాలో ఉన్న ఒక హోటల్ 12 గదులకు, 3 రాత్రులకు ఒప్పంద పత్రం పంపింది. శుక్రవారంలోగా సంతకం చేసి, నా క్రెడిట్ కార్డు వివరాలు ఇమ్మంటున్నారు. ‘ముందు మీరు కట్టేయండి, తర్వాత సర్దుకుందాం’ అంటున్నారు మిగతా తల్లిదండ్రులు. కట్టేయనా? ఒక్కొక్కరి దగ్గర ఎంత తీసుకోవాలి?

జవాబు: ఆ పత్రం మీద ఇప్పుడున్నట్టుగా సంతకం పెట్టకండి. హోటల్ మోసం చేస్తోందని కాదు. గుంపు బుకింగుల్లో అలాంటి పత్రాలు మామూలే. కానీ సంతకం మీది, కార్డు మీది, రావడం మానుకునేది మాత్రం ఇంకొకరు. అందరూ గది అద్దె మీద బేరమాడతారు. నన్నడిగితే మీరు భయపడాల్సింది అద్దెకు కాదు, ఖాళీగా మిగిలే గదికి.

ముందు పత్రంలో శాతం ఎక్కడుందో వెతకండి. అడిగిన గదుల్లో కనీసం ఇంత వంతు వాడుకోవాలి, లేకపోతే తేడా మీరే కట్టాలి అనే షరతు ఉంటుంది. అది 80 శాతమో 90 శాతమో కావడం సర్వసాధారణం. మీ లెక్క 12 గదులు, 3 రాత్రులు, అంటే మొత్తం 36 ‘గది-రాత్రులు’. 80 శాతమంటే 28.8 వాడాలి. ఒకటి రెండు కుటుంబాలు తప్పుకున్నా గండం గడుస్తుంది. అసలు చిక్కు మూడో రాత్రితో. నాకౌట్ పద్ధతిలో జరిగే పోటీలో మీ పిల్లలు రెండో రోజే ఓడిపోతే ఆ సాయంత్రమే అందరూ ఇళ్లకు బయల్దేరతారు. పోటీకి ముందు రోజే హోటల్‌లో దిగారనుకుంటే, అప్పుడు వాడింది రెండు రాత్రులే, అంటే 24. లోటు 4.8 గది-రాత్రులు.

ఇంతవరకూ బాగానే ఉందనుకుంటే ఇంకో మెలిక ఉంది. ఈ శాతాన్ని మొత్తం మీద లెక్కిస్తారా, ఏ రాత్రికా రాత్రి లెక్కిస్తారా? రాత్రివారీగా అయితే మూడో రాత్రి 12 గదుల్లో 80 శాతం, అంటే 9.6 గదుల అద్దె మీ మీద పడుతుంది. సరిగ్గా రెట్టింపు! పత్రంలో ఒకే ఒక్క మాట తేడా. ‘మొత్తం బస మీద’ అని రాయించుకోండి. శాతాన్ని 70కి తగ్గించగలిగితే అదే పరిస్థితిలో లోటు 1.2కి పడిపోతుంది. ఖాళీ చేసిన గదిని హోటల్ మరొకరికి అమ్ముకుంటే ఆ మేరకు మీ బాకీ తగ్గాలన్న వాక్యం కూడా అడగండి. అడగనిదే ఎవరూ చేర్చరు.

అసలు ఇంతకన్నా మంచి దారి ఒకటుంది. ఏ పూచీ లేకుండా కొన్ని గదులు ఒక గడువు తేదీ వరకు పట్టి ఉంచి, ఎవరి గది వాళ్లే తమ కార్డుతో బుక్ చేసుకునే ఏర్పాటు చాలా హోటళ్లలో ఉంటుంది. చిన్న గుంపులకు ఇవ్వడానికి పెద్దగా ఇబ్బంది పడరు. మిగిలిన గదులు గడువు దాటగానే హోటల్‌కు వెళ్లిపోతాయి, ఆలస్యంగా మేల్కొన్నవాళ్లకు ఆ రేటు దొరకదు, అంతే. 12 గదుల బదులు 10 మాత్రమే అడగండి. కానీ జాగ్రత్త, పూచీతో కూడిన ఒప్పందంలోనూ గడువు తేదీ ఉంటుంది. అక్కడ గదులు వెనక్కి వెళ్లినంత మాత్రాన మీ బాకీ మాఫీ కాదు. రెండూ ఒకటే అనుకుని చిక్కుల్లో పడేవాళ్లు ఎక్కువ.

నిర్వాహకుల జాబితా అన్నారు కాబట్టి, ఆ హోటళ్లలో దిగితేనే ఆడనిస్తామన్న నిబంధన ఉందేమో చూడండి. ఉంటే దాటకండి, జట్టునే పక్కన పెట్టే అవకాశం ఉంటుంది. ఇలాంటి ఏర్పాట్లలో గది అద్దెలో కొంత నిర్వాహకులకు తిరిగి వెళ్లడం మామూలే. అందుకని జట్టు రేటు చవకే అని నమ్మేయకుండా, అవే తేదీలకు హోటల్ సొంత సైట్‌లో చూడండి. పన్నులు, పార్కింగ్, ఉదయం టిఫిన్, రద్దు షరతులు అన్నీ కలిపి పోల్చాలి. అక్కడ తక్కువుంటే అంతకే ఇమ్మని నిర్మొహమాటంగా అడగండి.

ఇక వసూలు. ఖర్చును రెండు ముద్దలు చేయండి. బస్సు, ప్రవేశ రుసుము, కోచ్‌ల బస, కోచ్‌ల భోజనం ఎంతమంది పిల్లలు వచ్చినా మారవు. బస్సు డ్రైవర్ బసను కూడా ఇందులోనే వేయండి, బడ్జెట్లలో ఎప్పుడూ మర్చిపోయేది ఆయన్నే. రెండో ముద్ద ఎవరి పడక వాళ్లది, ఎవరి తిండి వాళ్లది. మొదటి ముద్దను 14తో కాకుండా 12తో భాగించండి. 14తో భాగించాక ఇద్దరు మానుకుంటే, మిగతావాళ్ల వాటా ఆరోవంతు పెరుగుతుంది. ప్రయాణానికి వారం ముందు ‘ఇంకాస్త ఇవ్వండి’ అని ఫోన్లు చేయడం ఎంత నరకమో జట్టు లెక్కలు చూసే ఎవరినైనా అడగండి. మిగిలితే తిరిగిచ్చేయొచ్చు, దానికి ఎవరూ అలగరు.

మొదటి వాయిదా మాత్రం సంతకానికి ముందే చేతికి రావాలి. అది తిరిగి ఇవ్వబడదని వాట్సాప్ గ్రూపులో రాతపూర్వకంగా చెప్పండి. ఎంత? జట్టంతా రాకపోయినా హోటల్‌కు, బస్సుకు కట్టాల్సిన మొత్తంలో తలా ఒక వాటా. ఈ డబ్బు మీ సొంత ఖాతాలో వద్దు. జట్టు పేరున ఖాతా లేకపోతే, ఇద్దరి ఆమోదం ఉంటేనే డబ్బు కదిలే ఖాతా ఒకటి తెరవండి. ఎవరైనా అనుమానిస్తారని కాదు, ఎవరూ అనుమానించే అవసరం రాకూడదని. వాటా కట్టలేని కుటుంబం ఉంటే ఆ సంగతి మీకూ కోచ్‌కూ మధ్యే ఉండాలి, గ్రూపులో కాదు.

దూరం ఎక్కువై విమానం ఎక్కాల్సి వస్తే, చాలా ఎయిర్‌లైన్స్ 10 మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే గుంపుగా లెక్కిస్తాయి. గుంపు టికెట్ ఎప్పుడూ చవక కాదు. ఒకేసారి ఎక్కువ సీట్లు వెతికితే, అన్ని సీట్లూ దొరికే ఖరీదైన శ్రేణిలోనే అందరికీ ధర పడొచ్చు. విడివిడిగా కొంటే మొదటి కొన్ని చవగ్గా దొరకొచ్చు. అయితే గుంపు బుకింగులో అడ్వాన్సు కట్టి పేర్లు తర్వాత ఇచ్చే వీలుంటుంది. ఎవరొస్తారో ఇంకా తేలని జట్టుకు ఆ వీలు ధర కన్నా విలువైనది. ప్రయాణ బీమా కూడా తీసుకోండి, కానీ అది సాధారణంగా జబ్బుకూ ప్రమాదానికీ పనికొస్తుంది. సెమీఫైనల్లో ఓడిపోయి ముందే తిరిగొస్తే ఇవ్వదు.

హోటల్‌లో దిగేటప్పుడు చిల్లర ఖర్చుల కోసం ప్రతి గదికీ కార్డు మీద కొంత మొత్తం ఆపి ఉంచుతారు. 12 గదులకూ మీ కార్డే గీస్తే పరిమితి అక్కడే అయిపోవచ్చు. డెబిట్ కార్డయితే మీ సొంత డబ్బే కొన్ని రోజులు ఇరుక్కుంటుంది. ఏ గది వాళ్లు ఆ గదికి తమ కార్డే ఇవ్వాలి. తల్లిదండ్రులు రాని పిల్లలు ఉంటే, వాళ్ల గదుల్లో ఫోన్, మినీబార్ బిల్లు పడకుండా ముందే ఆపించండి. గదులు పంచేటప్పుడు కోచ్‌ల గది వేరుగానే ఉండాలి, ఎంత ఖర్చు కలిసొచ్చినా సరే.

శుక్రవారం దాకా ఆగకుండా ఈరోజే హోటల్‌కు మెయిల్ రాయండి. పూచీ లేని ఏర్పాటుతో 10 గదులు ఇవ్వగలరా? కుదరకపోతే మొత్తం బస మీద 70 శాతం, అమ్ముడైన గదులకు తగ్గింపు, సంతకం జట్టు పేరున. వీటిలో ఏదీ కుదరదంటే జాబితాలో రెండో హోటల్‌కు ఫోన్ చేయండి. మూడు నెలల ముందు గదులు దొరక్కపోవడం అరుదు, ఆ శుక్రవారం గడువు వాళ్లది, మీది కాదు.