ప్రోబయోటిక్ మాత్రలతో బరువు తగ్గుతుందా?

యాంటీబయాటిక్స్ వాడాక బరువు పెరిగిందని, మేలుచేసే బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ మాత్రలు వేసుకుంటే తగ్గుతుందా అని అడిగారు. మూడు నెలలు వాడి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను: నాకైతే తగ్గలేదు.

నాలుగేళ్ల క్రితం చిగురుకు చీము పట్టి పది రోజులు యాంటీబయాటిక్ వాడిన తరువాత కడుపు ఉబ్బరం వదలకపోవడంతో, ఎవరినీ అడగకుండానే ఆ మాత్రలు కొనుక్కున్నాను. ఉబ్బరం నెమ్మదించింది గానీ బరువు 74 కిలోల నుంచి 76కు పెరిగింది. యాంటీబయాటిక్స్ ముగిశాక ప్రోబయోటిక్స్ వాడినవారి పేగుల్లో సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడానికి, ఏమీ వాడనివారికంటే ఎక్కువ కాలం పట్టిందని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 2018లోనే ప్రచురించారని ఆ తరువాత తెలిసింది.

ఆ వేసవిలో తెనాలిలో మా అమ్మ దగ్గర నెల రోజులు ఉన్నాను. వంటింటి మూలన ఆమె తరవాణి కుండ ఉండేది. రోజూ వార్చిన గంజిని చల్లార్చి అందులో పోసేది, కానీ కుండను ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేసేది కాదు. అడుగున మిగిలిన పాత పులుపే కొత్త గంజిని పులియబెడుతుందని చెప్పేది. రాత్రి మిగిలిన అన్నాన్ని అందులో నానబెట్టి, పొద్దున్నే దబ్బాకు, ఉప్పు, వాము వేసి, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ ఇచ్చేది. మధ్యాహ్నం తోటకూర పప్పో, గోరుచిక్కుడు కూరో తప్పనిసరి. మొదటి రెండు రోజులు ఆ పులుపు వాసన నాకు పడలేదు. వారం తిరిగేసరికి పదకొండు గంటలకల్లా ఏదో ఒకటి తినాలన్న ఆరాటం పోయింది. నెలాఖరుకు 73 కిలోలు తూగాను.

చల్లారిన అన్నంలోని పిండిపదార్థంలో కొంత చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకు చేరి అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. అవి తయారుచేసే బ్యూటిరేట్ అనే పదార్థం పేగు గోడ కణాలకు ఇంధనం. నేను కొన్న మాత్రలు బ్యాక్టీరియాను తెచ్చాయే గానీ వాటికి తిండి పెట్టలేదు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పేగు బ్యాక్టీరియాపై పరిశోధించే జెఫ్రీ గోర్డన్ బృందం 2013లో, ఒకరు లావుగా, మరొకరు సన్నగా ఉన్న కవలల పేగు బ్యాక్టీరియాను, ఒంట్లో సూక్ష్మజీవులే లేకుండా పెంచిన చిట్టెలుకలకు ఎక్కించింది. లావువారి బ్యాక్టీరియా చేరిన ఎలుకలకు కొవ్వు పెరిగింది. రెండు రకాల ఎలుకలనూ ఒకే బోనులో ఉంచితే సన్నవారి బ్యాక్టీరియా మొదటి రకం ఎలుకలకూ సోకి ఆ కొవ్వును అడ్డుకుంది, అదీ కొవ్వు తక్కువగా, పీచు ఎక్కువగా ఉన్న మేత వేసినప్పుడే.

వైరస్ వల్ల వచ్చే జలుబుకు సైతం డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే దుకాణాలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ముందు నష్టం అమ్మి, ఆ తరువాత ప్రోబయోటిక్ మాత్ర అమ్ముతున్నారు. మీ ఇంట్లో కుండ లేకపోతే రాత్రి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి తోడు పెట్టుకోండి. మధుమేహం ఉంటే అన్నం కొలత తగ్గించి ఆకుకూర పెంచండి.