కార్డు మారింది, లన్‌లు మాయం

ప్రశ్న: సర్వర్‌ను స్టోరేజీ నెట్‌వర్క్‌కు కలిపే హెచ్‌బీఏ కార్డు పాడైతే మార్చాం. ఫైబర్ ఛానల్ స్విచ్‌లో పోర్టు లైటు పచ్చగానే ఉంది. లన్‌లు (స్టోరేజీ నుంచి సర్వర్‌కు కేటాయించే డిస్కు భాగాలు) మాత్రం ఒక్కటీ కనిపించడం లేదు. కేబుల్ మార్చాలా?

జవాబు: కేబుల్ జోలికి పోకండి, లింకు వచ్చింది కదా. కార్డులోని ప్రతి పోర్టుకూ డబ్ల్యూడబ్ల్యూపీఎన్ అనే 64 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. రెండేసి అంకెల చొప్పున 8 జతలుగా రాస్తారు. కార్డుతోపాటే అదీ మారిపోయింది. పాత సంఖ్య ఇంకా రెండుచోట్ల ఉంది: స్విచ్‌లోని జోన్‌లో, స్టోరేజీలోని హోస్ట్ జాబితాలో. జోన్ ఎవరు ఎవరిని చూడొచ్చో చెబుతుంది. ఏ లన్ ఎవరికో తేల్చేది స్టోరేజీలో చేసే లన్ మాస్కింగ్. ఒక్కటి సరిచేసి రెండోది వదిలేస్తే ఫలితం సున్నా.

స్విచ్‌లోని నేమ్ సర్వర్‌లో (కనెక్టయిన పోర్టుల జాబితా) కొత్త సంఖ్య చూసి ఆ రెండుచోట్లా ఎక్కించండి. పక్కనే కనిపించే డబ్ల్యూడబ్ల్యూఎన్ఎన్ మొత్తం కార్డుది. చాలామంది పొరపాటున దాన్నే కాపీ చేస్తారు. జోన్ కాన్ఫిగరేషన్‌ను సేవ్ చేస్తే చాలదు, ఎనేబుల్ కూడా చేయాలి. రెండు ఫ్యాబ్రిక్‌లు (విడివిడి స్విచ్ నెట్‌వర్క్‌లు) ఉంటే రెండింటిలోనూ. ఆపైన సర్వర్‌లో రీస్కాన్, అంటే డిస్కుల కోసం మళ్లీ వెతికించడం. సర్వర్ శాన్ (స్టోరేజీ నెట్‌వర్క్) నుంచే బూటయ్యేదైతే కార్డు బయోస్‌లో బూట్ టార్గెట్‌నూ (ఎక్కడి నుంచి బూటవ్వాలో) మళ్లీ ఇవ్వాలి.