ఎగ్జిమా పాపాయి తల్లికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మడూ,

నిన్న రాత్రి వీడియోలో పాప నీ భుజానికేసి చెంపలు రుద్దుకోవడం చూశాను. ఆ రుద్దుడు నాకు బాగా తెలుసు. 1994లో మీ అన్నయ్య నా చీరల భుజాలన్నీ రసి మరకలు చేశాడు. నువ్వు ఏడుస్తుంటే ఫోన్లో ఏం చెప్పినా తలకెక్కదని ఊరుకున్నాను. ఉత్తరమైతే తీరిగ్గా మళ్లీ చూసుకుంటావు కదా.

ముందు వంకాయ సంగతి తేలుద్దాం. వంకాయ, గోంగూర, గుడ్డు, చేప, చివరికి పాలు, పెరుగు కూడా మాన్పించారన్నావు. నేనూ ఆ పత్యం చేసినదాన్నే. నాలుగు నెలలు చారన్నం, బీరకాయ కూర తిని చీపురుపుల్లనయ్యాను గానీ వాడి దురద ఒక్క పూట తగ్గలేదు. చాలామంది పిల్లల్లో ఎగ్జిమాకి, అంటే ఒళ్లు పొడిబారి ఎర్రగా దురద పెట్టే ఈ చర్మపు జబ్బుకి, తల్లి తిండి కారణం కాదు. గుడ్డో వేరుశనగో పాప నోట్లో పడిన కాసేపటికే పెదవులు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, వాంతులైనా అది వేరే కథ. అప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. అలాంటిదేమీ లేకుండా నీ అంతట నువ్వు కంచంలోంచి ఒక్కొక్కటీ తీసేయకు. ఆరో నెల వచ్చింది, అన్నప్రాశన కూడా అవుతుంది. గుడ్డు, వేరుశనగ ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలో డాక్టరునే అడుగు. ఎగ్జిమా గట్టిగా ఉన్న పిల్లలకి వేరుశనగ ఆలస్యం చేస్తే ఎలర్జీ పెరిగే అవకాశం ఉందని 2015 తర్వాత వాళ్ల సలహాలే మారాయి. పలుకుల్లా మాత్రం పెట్టకు, గొంతులో అడ్డం పడతాయి.

అసలు జరిగేదేమిటంటే, వీళ్ల చర్మం నీళ్లు ఊరే కుండలాంటిది. లోపలి తడి బయటికి పోతుంది, బయటి దుమ్మూ సబ్బూ లోపలికి వెళ్లి మంట పెడతాయి. ఇది కొంత వంశంలోనే ఉంటుంది. మీ నాన్నకి ఉబ్బసం, నాకు పొద్దున లేస్తే తుమ్ములు, మీ అన్నకి ఇది. నీ పాలు చెడ్డవీ కావు, నీ పెంపకం తప్పూ కాదు. ఎవరికీ అంటుకోదు కూడా, కాబట్టి ఎత్తుకోవడానికి జంకే చుట్టాలకి ఆ మాట మొహం మీదే చెప్పు.

ఒకటి మాత్రం చూసుకో. ఇంట్లో మరెవరికైనా రాత్రిళ్లు వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర దురద పెడుతోందా? పాప అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులున్నాయా? ఉంటే గజ్జి కావచ్చు. దానికి మందు వేరు, ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకోవాలి.

ఇక స్నానం. మన ఇళ్లలో కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె పట్టించి, నలుగు పెట్టి, పొగలు కక్కే నీళ్లు పోస్తేనే పిల్ల ఒళ్లు గట్టిపడుతుందంటారు. మంచి చర్మానికి ఏమో గానీ ఈ చర్మానికి నలుగు ఇసుక కాగితమే. గోరువెచ్చని నీళ్లు, ఐదు నుంచి పది నిమిషాలు, వాసన లేని మెత్తటి క్లెన్సర్ మురికి ఉన్నచోట కొద్దిగా, అంతే. నీళ్లలో డెట్టాల్ వద్దు, తర్వాత సాంబ్రాణి పొగా వద్దు. పాత నూలు పంచెతో అద్ది, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు, మాయిశ్చరైజర్ పూసెయ్యి. డబ్బా మూత తీసి పక్కన పెట్టుకున్నాకే పాపని నీళ్లకి తీసుకెళ్లు. పాప ఒళ్లు ఆరాక డబ్బా వెతుక్కుంటే లాభం లేదు.

ఎంత పూయాలన్నావు కదా, నువ్వు అనుకునేదానికి మూడింతలు. నెలల పిల్లకి వారానికి 100 గ్రాముల పైనే పడుతుంది. నెలకో చిన్న సీసా వస్తోందంటే నువ్వు పొదుపు చేస్తున్నావని అర్థం. ఖరీదైనది కొని చుక్కలు చుక్కలుగా వాడేకంటే, వాసన లేని చౌకరకం కొని ధారాళంగా పట్టించు. చలికాలం జిడ్డుగా ఉండే ఆయింట్‌మెంట్ మంచిది. మీ హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి గాలి ఒంట్లో తడి పీల్చేస్తుంది. ఎండాకాలం అదే పూస్తే చెమట పట్టి చిటచిటలాడుతుంది, అప్పుడు క్రీముకి మారు. డబ్బాలో వేళ్లు ముంచకు, శుభ్రమైన చెంచాతో తీసుకో. ఆలివ్ నూనె ఎవరో పంపారన్నావు, దాన్ని వంటకి వాడుకో. కొబ్బరినూనె పడితే రాయి, కానీ అది రాశాం కదా అని క్రీము మానేయకు.

డాక్టరు ఇచ్చిన స్టెరాయిడ్ ట్యూబు బీరువాలో దాచావని మీ ఆయన చెప్పాడులే. నేను రెండు రకాల తప్పులూ చేశాను, విను. మొదట మా వీధి మందుల షాపులో చీటీ లేకుండా ఒక ట్యూబు తెచ్చాను. మూడు రోజుల్లో చెంపలు అద్దంలా అయ్యాయి, ఊరంతా చెప్పుకున్నాను. ఆపగానే ముందుకంటే ఘోరంగా లేచింది. అందులో ఉన్నది పెద్దవాళ్లకే ఆచితూచి ఇచ్చే క్లోబెటసాల్ అనే ఘాటు స్టెరాయిడ్ అని తర్వాత తెలిసింది. 2018లో ఇలాంటి పూతమందుల్ని కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చి చీటీ లేనిదే అమ్మకూడదంది గానీ, అడిగితే ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ దెబ్బకి భయపడి, పిల్లల డాక్టరు ఇచ్చిన తేలిక మందు కూడా రెండ్రోజులు రాసి ఎరుపు తగ్గగానే ఆపేసేదాన్ని. నాలుగోనాటికి మళ్లీ మొదలు. అలా ఏడాది గడిపాను. ఒంట్లో మంట పూర్తిగా ఆరకముందే ఆపడం వల్లే అదంతా.

నీ చీటీలో ఉన్నది 1 శాతం హైడ్రోకార్టిసోన్, తేలికదే. చెప్పినన్ని రోజులు, ఎర్రగా గరుకుగా ఉన్నచోట మాత్రమే, వేలితో తడిమితే నున్నగా తగిలేదాకా రాయి. కొలత కావాలంటే, నీ చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబు పిండితే అర గ్రాము వస్తుంది. అది వేళ్లతో సహా నీ రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. దానికీ మాయిశ్చరైజర్‌కీ మధ్య పావుగంట వదులు. గడువు దాటినా తగ్గకపోతే నువ్వే పొడిగించకు, మళ్లీ చూపించు.

తేనె రంగు అట్టలు కట్టినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు. ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులు గుంపుగా లేచి గుంటలు పడుతుంటే రాత్రయినా ఆగకు. పెదవి చివర నీటిపొక్కు ఉన్నవాళ్లని ఎంత దగ్గరివాళ్లయినా పాపని ముద్దు పెట్టుకోనివ్వకు. ఆ క్రిమి ఈ చర్మం మీద పడితే ప్రమాదం. తొమ్మిదో నెల టీకా మాత్రం ఒంటి మీద ఇదుందని ఎగ్గొట్టకు.

చిన్నచిన్నవి కొన్ని. గోళ్లు రెండ్రోజులకోసారి చూడు. ఉన్ని బట్టలు, జరీ పావడాలు ఫోటోకి తప్ప వద్దు. బట్టలు ఇంకో నీళ్లలో అదనంగా జాడించు. తిరుమలలో పుట్టువెంట్రుకల మొక్కు ఉందన్నావు, మాడు మీద పొలుసులు, పుండ్లు మానేదాకా ఆగండి. స్వామి తొందరపెట్టడు. గుండు మీద గంధం కూడా ఈ పిల్లకి వద్దు.

ఎప్పటికి పోతుందని అడిగావు. చాలామందికి బడికి వెళ్లే వయసుకి నెమ్మదిస్తుంది, అందరికీ కాదు. మీ అన్నయ్యకి ముప్పై దాటాయి, చలికాలం వస్తే ఇప్పటికీ మోచేతి మడతలు గోక్కుంటాడు. ఆఫీసు బ్యాగులో వ్యాజిలిన్ డబ్బా ఉంటుంది, అంతకుమించి ఏమీ లేదు.

పాప నడుముకి మొలతాడు తడిసి ఒరుసుకుంటోంది, చూశాను. అక్కడే ఎర్రగా ఉంది. తీసేయమని మీ అత్తగారితో నేను మాట్లాడతాను, నువ్వు నోరు మెదపకు. శుక్రవారం బయల్దేరి వస్తున్నాను. ఆ రాత్రి పాప నా పక్కలో పడుకుంటుంది. నువ్వు తలుపేసుకుని పొద్దున ఏడింటిదాకా నిద్రపో.

మీ పెద్దమ్మ