ఒకరికి పడిన పొగాకు ఇంకొకరికి పడదెందుకు?

పైపు పొగాకు రకాల గురించి వచ్చిన ఉత్తరాల్లో పొగడ్తలకన్నా ఫిర్యాదులే ఎక్కువ. నాలుక మంట, తల తిరుగుడు, గొంతు గరగర ఇలా చాలా రాశారు. ఒకే బాధ గురించి రాసినవాటిని కలిపి జవాబిస్తున్నాం. పైపు తాగితే నోటి, పెదవి, గొంతు క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా ఆ ముప్పు పోదు. కింద చెప్పినవి ఇబ్బందికి కారణం పట్టుకోవడానికే. వీటితో పొగాకు నిరపాయం కాదు.

ప్రశ్న: వర్జీనియా ఫ్లేక్ (నొక్కి పలకలుగా కోసిన వర్జీనియా ఆకు) కాలిస్తే పావుగంటకే నాలుక చివర భగ్గుమంటుంది. అదే డబ్బాలోది నా స్నేహితుడు రోజుకు రెండుసార్లు హాయిగా కాలుస్తాడు. లోపం పొగాకులోనా, నా నాలుకలోనా?

జవాబు: ముందు ఆకు సంగతి చూద్దాం. వర్జీనియాను బ్యారన్ అనే ఆకు ఆరబెట్టే గదిలో వేడికి పండబెడతారు. ఆకు పసుపు రంగుకు తిరగగానే వేడి పెంచి ఆరబెట్టేస్తారు. అప్పటికి ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారి ఉంటుంది. ఆకు తొందరగా ఆరిపోవడంతో ఆ చక్కెర ఖర్చు కాకుండా నిలిచిపోతుంది. ఆకు బరువులో ఐదో వంతు దాకా చక్కెరే ఉండొచ్చు. బర్లీ అనే ఇంకో రకం అలా కాదు. దాన్ని నీడపట్టున వారాల తరబడి గాలికి ఆరనిస్తారు కాబట్టి చక్కెర దాదాపు మిగలదు. అందుకే వర్జీనియా పొగ ఆమ్లం వైపు, బర్లీ పొగ క్షారం వైపు మొగ్గుతాయి. రెండూ నోటిని బాధిస్తాయి గానీ తీరు వేరు. వర్జీనియాతో ఎక్కువమందికి నాలుక కొన మండుతుంది. బర్లీ పడనివారికి నాలుక మొత్తం, బుగ్గల లోపలి భాగం గీరుకుపోయినట్టు ఉంటుంది. మీ స్నేహితుడికి బర్లీ ఇచ్చి చూడండి, ఆయనే గిలగిల్లాడొచ్చు.

ఇక కాల్చే తీరు. మంట వేడివల్లా, ఆకువల్లా అన్నది తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కాలుస్తూ మధ్యమధ్య పైపు గిన్నెను చెంపకు ఆనించి చూడండి. చెంప ఓర్చుకోలేనంత వేడిగా ఉంటే దమ్ములు తొందరపడుతున్నాయని అర్థం. గిన్నె గోరువెచ్చగానే ఉండి, ఇంకా మూడోవంతు కూడా కాలకముందే నాలుక మండితే ఆ ఆకు మీకు పడదు. ఎక్కువమంది విషయంలో మొదటిదే నిజం. నిమిషానికి రెండు మూడు చిన్న దమ్ములు చాలు. పొగ నోటినిండా రానక్కర్లేదు, నాలుకకు రుచి తగిలితే సరి. పైపు పోటీల్లో ఒక్కొక్కరికి 3 గ్రాముల పొగాకు, 2 అగ్గిపుల్లలు ఇస్తారు. గెలిచేవాళ్లు దాన్ని గంటల తరబడి ఆరనివ్వకుండా నడుపుతారు. అంత నేర్పు మనకక్కర్లేదు గానీ 2 గ్రాములు పది నిమిషాల్లో అయిపోతుంటే పొగాకును తిట్టి లాభం లేదు.

చాలామంది పట్టించుకోనిది తేమ. డబ్బా తెరిచిన వెంటనే ఫ్లేక్‌ను పైపులో దట్టించకండి. ఆ తడి ఆవిరై నాలుకను కాలుస్తుంది. పైగా తడి ఆకులో నిప్పు ఆరిపోతూ ఉంటుంది, మళ్లీ మళ్లీ వెలిగిస్తారు, గట్టిగా లాగుతారు, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. ఫ్లేక్‌ను చేత్తో విడదీసి కాగితం మీద అరగంట నుంచి గంట దాకా పరవండి. చిటికెడు తీసి నొక్కి వదిలితే అది ముద్దగా ఉండిపోకుండా మెల్లగా విచ్చుకోవాలి. నొక్కగానే కరకరలాడితే మరీ ఎండిపోయినట్టు. అదీ మండిస్తుంది, ఎందుకంటే ఎండుటాకు త్వరగా, వేడిగా కాలుతుంది.

ప్రశ్న: నల్లటి రోప్ పొగాకు (తాడులా మెలిపెట్టినది) మొదటిసారి కాల్చాను. పొగ మింగలేదు, పీల్చలేదు. అయినా ఎక్కిళ్లు, చల్లచెమటలు, కడుపులో తిప్పడం. సిగరెట్లు తాగే అలవాటున్న నాకు ఇలా ఎందుకైంది?

జవాబు: నికోటిన్ ఎక్కువైంది. రోప్‌లలోనూ, కట్టెల పొగ పెట్టి ఆరబెట్టే కెంటకీ ఆకులోనూ నికోటిన్ బాగా ఎక్కువ. సిగరెట్ పొగ సాధారణంగా ఆమ్ల గుణంతో ఉంటుంది. అందులోని నికోటిన్ నోట్లో పెద్దగా ఇంకదు, ఊపిరితిత్తుల దాకా వెళ్లాలి. ఇలాంటి ముదురు రంగు ఆకుల పొగ క్షారగుణంతో ఉంటుంది, దాని నికోటిన్ నోటి పొరల్లోంచే రక్తంలోకి వెళ్తుంది. పీల్చలేదు గనుక ఏం కాదనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. సిగరెట్ నికోటిన్ క్షణాల్లో తెలుస్తుంది, చాలనిపిస్తే ఆపేస్తారు. నోటి ద్వారా ఎక్కేది ఆలస్యంగా తెలుస్తుంది. ‘ఏమీ లేదే’ అనుకుంటూ సగం గిన్నె కాల్చేశాక ఒక్కసారిగా పట్టుకుంటుంది.

ఎక్కిళ్లు తొలి హెచ్చరిక. మొదటి ఎక్కిలి రాగానే పైపు పక్కన పెట్టేయాలి, ‘ఇంకొంచెమే ఉంది కదా’ అనుకోకూడదు. గిన్నె అడుగున తేమా తారూ పేరుకుంటాయి కాబట్టి చివరి భాగమే అన్నిటికన్నా ఘాటు. గాలి తగిలేచోట కూర్చోండి, చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా తాగండి. ఏదైనా తీపి నోట్లో వేసుకోవడం పైపు తాగేవారిలో పాతకాలపు అలవాటు. వాంతి వచ్చేలా ఉంటే వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవాలి. మామూలుగా గంటలోపు తేరుకుంటారు. వాంతులు ఆగకపోయినా, గుండె లయ తప్పినట్టున్నా, స్పృహ తప్పినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఈ తట్టుకునే శక్తి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. నికోటిన్‌ను విరిచే కాలేయ ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే మందంగా పనిచేస్తుంది, అలాంటివారి ఒంట్లో అది ఎక్కువసేపు ఉండిపోతుంది. అలవాటుతో కొంత ఓర్పు వస్తుంది గానీ ఖాళీ కడుపు మీద అదీ పనిచేయదు. పొగ కలిసిన ఉమ్మిని మింగడంవల్ల కూడా కడుపులో తిప్పుతుంది, ఇది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రోప్ మళ్లీ చూడాలనే ఉంటే భోంచేశాక, చిన్న గిన్నె ఉన్న పైపులో, సగమే నింపి చూడండి. అప్పుడూ ఇలాగే అయితే దాన్ని వదిలేయండి. పట్టుదలతో సాధించాల్సిన విషయం కాదిది.

ప్రశ్న: లటాకియా కలిసిన మిశ్రమం కాలిస్తే నాలుకకు ఏమీ కాదు గానీ గొంతు ఎండిపోతుంది, తల పట్టేస్తుంది. పెరీక్ ఉన్నదైతే తుమ్ములు ఆగవు. రెండూ ఘాటు ఎక్కువైనవేనా?

జవాబు: కాదు, రెండింటి తీరూ వేరు. లటాకియాలో నికోటిన్, చక్కెర రెండూ తక్కువే. ఒకప్పుడు సిరియాలో తయారయ్యేది, ఇప్పుడు దొరికేది సైప్రస్ పద్ధతిది. ఆకును ఎండలో ఆరబెట్టి, సుగంధపు పొదలు, కట్టెలు కాల్చిన పొగలో చాలాకాలం ఉంచుతారు. ఆ పొగలోని పదార్థాలన్నీ ఆకులో దిగుతాయి. మీ గొంతుకు తగిలేది పొగాకు పొగకన్నా ఆ కట్టెల పొగ ఎక్కువ. ఘాటు తగ్గుతుందని తక్కువ కాల్చినా ఫలితం ఉండదు, మిశ్రమంలో దాని పాలే తగ్గాలి. ఇంగ్లిష్ మిశ్రమం అని అమ్మేవాటిలో లటాకియా మూడోవంతు, అంతకుమించి కూడా ఉండొచ్చు. మీ మిశ్రమానికి సమాన బరువులో వట్టి వర్జీనియాగానీ, ఎండలో ఆరబెట్టే చిన్న ఆకుల రకమైన ఓరియంటల్‌గానీ కలిపి, మూత బిగించి వారం ఉంచి కాల్చి చూడండి. అప్పటికీ తల పడితే లటాకియా లేనివే చూసుకోండి.

పెరీక్ అమెరికాలోని లూయిసియానా రాష్ట్రం, సెయింట్ జేమ్స్ పారిష్‌ది. ఆకును పీపాల్లో కుక్కి, బరువు కింద నెలల తరబడి దాని రసంలోనే పులియబెడతారు. అందుకే ముక్కులో మిరియాల ఘాటు తగులుతుంది. పొగను ముక్కులోంచి వదిలే అలవాటుంటే తుమ్ములు అక్కడివే. నోట్లోంచే వదలండి, సగం సమస్య తీరుతుంది.

ప్రశ్న: వెనిల్లా, చెర్రీ వాసనల పొగాకు ‘మైల్డ్’ అని రాసుంటుంది. కానీ నాకు అదే ఎక్కువ మండుతుంది, పైపులో గుడగుడ, పెదవుల మీద దురద.

జవాబు: ‘మైల్డ్’ అన్నమాట నికోటిన్ గురించి, నాలుక గురించి కాదు. ఈ రకాలకు తీపి పాకం, పరిమళాలు పట్టిస్తారు. ఎండిపోకుండా చాలావాటిలో ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. దానివల్ల మీరు గంటసేపు పరిచినా చేతికి జిడ్డుగానే తగులుతుంది. నీరు ఆవిరై కాడలో చల్లబడి గుడగుడమంటుంది. వదులుగా నింపండి, మామూలుకన్నా నెమ్మదిగా కాల్చండి. గుడగుడ రాగానే నూగు చుట్టిన తీగలా ఉండే పైపు క్లీనర్‌ను కాడలోంచి గిన్నె అడుగుదాకా దోపి తేమ పీల్చనివ్వండి. లేబుల్ మీద ‘బ్లాక్ కావెండిష్’ అనే ఉంటే ఆకేదో తెలిసినట్టు కాదు. కావెండిష్ అన్నది ఆకును వేడితో, ఒత్తిడితో మెత్తబరిచే తయారీ పద్ధతి పేరు. అందులో వర్జీనియా ఉండొచ్చు, బర్లీ ఉండొచ్చు.

పెదవుల దురదకు పొగాకునే అనుమానించనక్కర్లేదు. పైపు నోటిలో పెట్టుకునే భాగం చాలాసార్లు వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. పాతబడితే ఆకుపచ్చ, గోధుమ రంగులోకి మారి చేదెక్కుతుంది. కొందరికి రబ్బరే పడదు. శుభ్రం చేసిన ఖాళీ పైపును పొగాకు లేకుండా 20 నిమిషాలు నోట్లో పెట్టుకోండి. దురద వస్తే అది పైపుది, అక్రిలిక్ రకానికి మారండి. రాకపోతే పరిమళాన్ని అనుమానించాలి, చర్మవైద్యులు చేసే ప్యాచ్ పరీక్షతో తేలుతుంది. ఆయాసం, పెదవి వాపు వస్తే మాత్రం ఇంట్లో పరీక్షలు పెట్టుకోకండి, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: ఏ రకం కాల్చినా ఒకటే చేదు, ఒకటే మంట. ఇక నాకు ఏ పొగాకూ పడదనుకోవాలా?

జవాబు: అన్ని రకాలూ ఒకేలా ఇబ్బంది పెడుతున్నాయంటే ముందు పైపును చూడాలి. కాడలో పేరుకున్న తారు ప్రతి దమ్ముకూ చేదు కలుపుతుంది. పరిమళపు పొగాకు వాసన పైపు చేసే బ్రయర్ కట్టెలో నెలల తరబడి దాగి ఉండి, తర్వాత వేసే ప్రతి ఆకులోకీ తొంగిచూస్తుంది. గిన్నె లోపలి మసి పొర 1 నుంచి 1.5 మిల్లీమీటర్లకు మించకూడదు. అంతకుమించితే వేడికి గిన్నె పగిలే ప్రమాదం కూడా ఉంది.

పైపు పూర్తిగా చల్లారాకే కాడ విడదీయండి. వేడిమీద తిప్పితే అతుకు దగ్గర విరుగుతుంది. తాగడానికి పనికొచ్చే ఆల్కహాల్‌లో క్లీనర్ ముంచి, తెల్లగా బయటికి వచ్చేదాకా మార్చి మార్చి తోమండి. మిథనాల్ కలిపిన స్పిరిట్ వాడకండి, అది విషం. వాసన వదలకపోతే గిన్నెలో దూది కూరి, ఆల్కహాల్ చుక్కలుగా వేసి రాత్రంతా ఉంచండి. పొద్దుటికి దూది గోధుమరంగుకు మారుతుంది. తీసేసి, నాలుగైదు రోజులు ఆరనివ్వండి.

తర్వాత పరీక్ష. కొత్త మొక్కజొన్న కంకి పైపు ఒకటి తీసుకోండి, దానికి పాత వాసనలుండవు. వట్టి వర్జీనియా ఒకటి, వట్టి బర్లీ ఒకటి, ఓరియంటల్ ఎక్కువున్నది ఒకటి, ఇలా పరిమళం కలపనివే ఎంచుకోండి. ఒక్కో రకాన్ని విడివిడిగా, వేర్వేరు రోజుల్లో, భోజనం తర్వాత, ఒకే తేమతో కాల్చి, ఎప్పుడు ఎక్కడ మండిందో రాసుకోండి. నాలుక మండుతున్న రోజున పరీక్ష వద్దు. నొప్పిగా ఉన్న నాలుకకు ఏదైనా మంటగానే ఉంటుంది. పొగాకూ పైపూ ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో తెలియదు. చాలామంది చేసే పొరపాటు ఇదే.

ప్రశ్న: అంగిలి తెల్లబడి, దాని మీద చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తున్నాయి. పొగాకు మారిస్తే తగ్గుతుందా?

జవాబు: రకం మార్చడం దీనికి మందు కాదు. పైపు తాగేవారి అంగిలి వేడి పొగకు ఇలా మారుతుంది. ఎర్రచుక్కలు వాచిన చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు. పైపు మానేస్తే సాధారణంగా కొన్ని వారాల్లో మామూలవుతుంది. అయితే చూసి తేల్చాల్సింది దంతవైద్యులే. నాలుక అంచున, బుగ్గలో, పెదవి మీద తెల్ల మచ్చగానీ ఎర్ర మచ్చగానీ పుండుగానీ 2 వారాలు దాటినా మానకపోతే అసలు ఆలస్యం చేయొద్దు. నాలుక మంట అనుకుని ఊరుకోవడం ప్రమాదం.

ప్రశ్న: ఉబ్బసానికి థియోఫిలిన్ వాడుతున్నాను. పైపు తాగొచ్చా?

జవాబు: వద్దు, ఉబ్బసానికి ఏ పొగా పడదు. పైగా పొగాకు పొగ కాలేయాన్ని చురుకు చేసి థియోఫిలిన్‌ను తొందరగా విరిచేస్తుంది. ఇప్పటికే తాగుతుంటే, మానేసే ముందు ఆ సంగతి మీ డాక్టరుకు చెప్పండి. మానేశాక అదే మోతాదు ఎక్కువైపోవచ్చు.

ప్రశ్న: చాలాకాలం దాచిన డబ్బా తెరిస్తే ఆకు మీద తెల్లగా ఏదో ఉంది. పడుతుందా, పడదా?

జవాబు: మంచి వెలుతురులో భూతద్దంతో చూడండి. మెరిసే చిన్న పలుకులుగా, ఆకుకు అంటుకుని ఉంటే అది పాతబడిన ఆకు నుంచి బయటికి వచ్చిన పదార్థం, భయం లేదు. దూదిలా, సాలెగూడులా నూగుతో ఉండి ముక్కకంపు కొడితే బూజు. బూజు ఒక మూలే ఉందని అది తీసేసి మిగతాది వాడుకోవాలనుకోకండి, డబ్బా మొత్తం పారేయండి. అదే అరలో ఉన్న మిగతా డబ్బాల మూతలూ ఒకసారి చూసుకోండి.