పోర్ట్ బ్లెయిర్‌కి సరుకు పంపితే నిజంగా మిగులుతుందా?

మీరు అడిగింది ఇది: విశాఖలో మీకు చిన్న హోల్‌సేల్ కిరాణా ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటున్న మీ పిన్నిగారి అబ్బాయి అక్కడి ఉల్లిపాయలు, కందిపప్పు ధరలు ఫోన్లో చెబుతుంటే, ఇక్కడికీ అక్కడికీ ఉన్న తేడా చూసి సరుకు పంపాలనిపిస్తోంది. ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ కావాలా, ఎంత మిగులుతుంది అని అడిగారు.

నేను 2013 నుంచి విశాఖ, చెన్నై రేవుల మీదుగా అండమాన్‌కి కిరాణా సరుకు పంపుతున్నాను. అక్కడ మా బావ దుకాణం చూసుకుంటాడు. (2024 సెప్టెంబర్ నుంచి పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. నాకు పాత పేరే నోట్లో ఆడుతుంది, అలాగే రాస్తాను.)

లైసెన్స్ సంగతి ముందు తేల్చేద్దాం. అండమాన్ నికోబార్ మన కేంద్రపాలిత ప్రాంతం. మధ్యలో 1,200 కిలోమీటర్ల సముద్రం ఉన్నా అది ఎగుమతి కాదు. ఐఈసీ నంబర్ (ఎగుమతి, దిగుమతులు చేసేవాళ్ళకిచ్చే కోడ్) అక్కర్లేదు, ఎగుమతిదారులకిచ్చే పన్ను మినహాయింపూ ఉండదు. హైదరాబాద్ నుంచి నాగపూర్‌కి పంపినట్టే ఇదీ అంతర్రాష్ట్ర అమ్మకం, పన్ను ఉన్న సరుకుకి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకి వేసే జీఎస్టీ) వేయాలి. చాలామంది చిన్న వ్యాపారులు పొరబడేది ఇక్కడే. మీ టర్నోవర్ 40 లక్షల లోపు ఉంది కాబట్టి రిజిస్ట్రేషన్ అవసరం లేదనుకుంటే కుదరదు. రాష్ట్రం దాటి పన్ను ఉన్న సరుకు అమ్మేవాళ్ళకి ఆ పరిమితి వర్తించదు, మొదటి బిల్లు నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. మీరు కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే అసలు బయటి రాష్ట్రానికి అమ్మకూడదు. ముందు మీ ఆడిటర్ గారిని కలిసి మామూలు స్కీములోకి మారండి.

ఇంకో చిన్న విషయం, నాకు డబ్బు ఖర్చయ్యాక తెలిసింది. 50 వేలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే పత్రం) తీస్తాం కదా. అందులో రవాణా ఎలా అన్నచోట అలవాటు కొద్దీ రోడ్డు అని పెడితే రోజుకి 200 కిలోమీటర్ల లెక్కన గడువు ఇస్తుంది. 1,200 కిలోమీటర్లకి ఆరు రోజులు. సరుకు రేవు గోడౌన్లో ఉండగానే ఆ గడువు అయిపోతుంది. ఓడ ప్రయాణం కలిసిన రవాణాకి లెక్క వేరు, 20 కిలోమీటర్లకి ఒక రోజు ఇస్తారు. అంటే అదే దూరానికి 60 రోజులు. ఆ ఒక్క గడి సరిగ్గా నింపితే సగం టెన్షన్ పోతుంది.

ఇక ధరల సంగతి. మీ తమ్ముడు చెప్పిన ఉల్లిపాయ ధర ఏ రోజుది? ఓడ రాకముందు రోజుదా, ఓడ వచ్చాక మూడో రోజుదా? నేను మొదటి రెండేళ్ళూ ఈ ప్రశ్న వేసుకోలేదు. ఆ దీవులన్నీ కలిపినా 2011 జనాభా లెక్కల్లో 3.8 లక్షల మంది. విశాఖ నగరంలో నాలుగో వంతు కూడా కాదు. అంత చిన్న బజారులో ఒక ఓడ ఆలస్యమైతే ఉల్లి, బంగాళాదుంప చుక్కలనంటుతాయి. ఓడ హడ్డో రేవుకి చేరి సరుకు దిగిందంటే అందరి ఉల్లిపాయలూ ఒకేసారి అబర్డీన్ బజారుకి వస్తాయి. మీదీ అందులోనే ఉంటుంది. మీరు ఫోన్లో విన్న ధర సరుకు లేనప్పటి ధర. మీరు అమ్మేది సరుకు ఉన్నప్పటి ధరకి. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా మీ జేబులోకి రాదు.

పైగా పాడయ్యే సరుకుకి ఆగే వీలుండదు. ధర పెరిగేదాకా ఉల్లిని అక్కడ దాచలేం. ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే చోటు అది. నైరుతి వానలు అయ్యేలోపే ఈశాన్యం వానలు మొదలవుతాయి. మొలక రాకుండా, కుళ్ళకుండా మూడు వారాలు ఉంచగలిగితే గొప్పే.

మిగులు ఎంత అన్నదానికి నేను నా పుస్తకంలో వేసుకునే లెక్క చెబుతాను. ఇక్కడ సరుకు కొన్న రోజు నుంచి మొదలెట్టండి. ఓడ కోసం గోడౌన్లో పదిహేను రోజులు. విశాఖ నుంచి ఓడలు మామూలుగా నెలకి ఒకటి, చెన్నై నుంచి ఎక్కువ. సముద్రం మీద మూడు రోజులు. దిగి దుకాణానికి చేరడానికి నాలుగైదు రోజులు. ఆ తర్వాత అక్కడి షాపులవాళ్ళకి నెలా పదిహేను రోజులు అప్పు ఇవ్వాలి, ఇవ్వకపోతే కొనరు. ఆ బాకీ చేతికొచ్చేసరికి ఇంకో వారం. అటూ ఇటూ పోగు చేస్తే డెబ్బై అయిదు రోజులు. రూపాయిన్నర వడ్డీకి తెచ్చిన లక్ష మీద అప్పటికి 3,750 రూపాయలు వడ్డీకే పోతాయి. కిరాయి, హమాలీ, బీమా, తరుగు ఇంకా కలపలేదు.

ఆ ఖర్చులన్నీ పోను లక్షకి పన్నెండు వేలు మిగిలిందనుకోండి, బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ లక్ష ఏడాదికి తిరిగేది అయిదు సార్లు కూడా కాదు. మొత్తం మీద యాభై ఏడు, యాభై ఎనిమిది వేలు. అదే లక్ష మీ విశాఖ కొట్లో నెలకొకసారి తిరిగి, తిరిగినప్పుడల్లా నాలుగు వేలు మిగిల్చినా ఏడాదికి నలభై ఎనిమిది వేలు. తేడా పదివేలు. ఒక్క లోడు పాడైతే ఆ పదివేలూ పోయి, పైన చేతినుంచి పడుతుంది. అందుకే కొత్తగా అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: బస్తాకి ఎంత మిగిలింది అని కాకుండా, డబ్బు ఎన్ని రోజులకి తిరిగొచ్చింది అని చూడండి.

లోడు పాడవడం అంటే ఏమిటో నాకు 2014 అక్టోబర్‌లో తెలిసింది. దీపావళి అమ్మకాలకి అందాలని బెల్లం, ఎండుమిర్చి, అప్పడాలు విశాఖలో రేవు దగ్గర ఒక అద్దె గోడౌన్లో పెట్టాను. ఓడ ఫలానా తేదీకి బయల్దేరుతుందన్నారు. ఈలోగా తుఫాను పుట్టింది. అక్టోబర్ 8న అండమాన్‌లో లాంగ్ ఐలాండ్ దగ్గర దీవులు దాటింది. దుకాణం ముందు చెట్టు పడిందని, మనుషులకేం కాలేదని మా బావ ఫోన్ చేశాడు. హమ్మయ్య అనుకున్నాను. అదే తుఫాను, అదే హుద్‌హుద్, 12వ తేదీన విశాఖ మీదకి వచ్చింది. సరుకు చేరాల్సిన ఊరినీ, బయల్దేరాల్సిన ఊరినీ ఒకే తుఫాను నాలుగు రోజుల తేడాలో కొట్టింది. గోడౌన్ రేకులు ఎగిరిపోయాయి. కరెంటు లేదు, రోడ్లనిండా చెట్లు. నాలుగో రోజుకి గానీ నేను అక్కడికి చేరలేకపోయాను. బెల్లం దిమ్మలు కరిగి కింద పాకంలా కట్టింది. పై వరసలో మిర్చి బస్తాలు తడిసి లోపల వేడెక్కాయి, చెయ్యి పెడితే తెలుస్తోంది. వాసన ఇప్పటికీ గుర్తుంది. ఆ ఊళ్ళో ఇళ్ళు పోయినవాళ్ళ ముందు నా నష్టం చెప్పుకోదగ్గది కాదు, కానీ ఆ సరుకు సగం అప్పు మీద కొన్నది.

మా అమ్మ గాజులు పెట్టి ఆ అప్పు తీర్చాను. విడిపించడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. మీరు పెట్టబోయే డబ్బు ఎవరిదో నాకు తెలియదు గానీ, ఇంట్లోవాళ్ళ బంగారం మాత్రం ఇందులో పెట్టకండి.

బీమా ఉంది కదా అంటారేమో. నేను తీసుకున్న సముద్ర బీమా ప్రయాణానికి సంబంధించింది. ఓడ కోసం నా ఇష్టం మీద గోడౌన్లో ఉంచిన రోజులకి అది వర్తించలేదు. తర్వాత పాలసీ కాగితాలు కూర్చుని చదివాను. మామూలు సరుకు బీమాలో ఆలస్యం వల్ల వచ్చిన నష్టం ఇవ్వరు. సరుకు తన గుణం వల్ల తానే చెడిపోతే, అంటే బెల్లం చెమ్మ పీల్చి కరగడం లాంటిది, దానికీ ఇవ్వరు. మన తోవలో ఎక్కువగా జరిగేవి ఆ రెండే. కాబట్టి గోడౌన్‌కి విడిగా బీమా చేయించండి, చెమ్మ సంగతి ప్యాకింగ్‌లో చూసుకోండి.

ప్యాకింగ్ మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నాకు వ్యాపారం నిలబడింది దానివల్లే. మూసిన కంటైనర్ పగలు ఎండకి కాలి, రాత్రి చల్లబడుతుంది. లోపలి గాలిలో ఉన్న తేమ పై రేకుకి పట్టి చుక్కలుగా కిందికి కారుతుంది. బయట చుక్క వాన లేకపోయినా పై వరస బస్తాలు తడుస్తాయి. కాబట్టి సరుకుని లోపల ప్లాస్టిక్ సంచి ఉన్న బస్తాల్లో మూతి కట్టి నింపాలి. పై వరస మీద అట్టలు పరిచి, తేమ పీల్చే పొట్లాలు వేలాడదీయాలి. అన్నిటికన్నా ముఖ్యం, మిర్చి బాగా ఎండాకే కట్టాలి. తడిని మనమే లోపల పెట్టి మూసేస్తే ఏ పొట్లమూ కాపాడదు. ప్రయాణికుల ఓడలో పంపితే సరుకుని వలలో వేసి క్రేన్‌తో ఎత్తుతారు, అడుగు బస్తా మీద మొత్తం బరువు పడుతుంది. పాత గోనెలు అక్కడే పిగులుతాయి. కళాసీలని తిట్టి లాభం లేదు, అడుగున గట్టి సరుకు ఉండేలా మనమే సర్ది ఇవ్వాలి.

కిరాయి బరువు మీద గానీ, ఆక్రమించే చోటు మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. చీపుర్లు, ప్లాస్టిక్ బిందెలు తేలిక కదా అని పంపితే గాలికి కిరాయి కట్టినట్టే. నేను చివరికి నిలబడింది చింతపండు, ఆవాలు, మినపగుళ్ళు, డబ్బాల్లో ఆవకాయ మీద. ఇవి ఓడ రెండు వారాలు ఆగినా ఏమీ కావు. కొనేవాళ్ళకీ కొదవ లేదు. అక్కడి జనంలో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. జంగ్లీఘాట్‌లో మత్స్యకారుల ఇళ్ళ మధ్య నడుస్తుంటే మా ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది. ఉల్లి ఎవరైనా అమ్ముతారు. మన చింతపండు రుచి తెలిసి అడిగి కొనేవాళ్ళు ధర కోసం బేరమాడినా దుకాణం మారరు.

పోర్ట్ బ్లెయిర్ దాటి రంగత్, దిగ్లీపూర్ వైపు పంపాలంటే ఇంకో లెక్క ఉంది. ట్రంక్ రోడ్డు జరావా తెగ అడవి గుండా పోతుంది. జిర్కతాంగ్ చెక్‌పోస్టు దగ్గర ఆగి, కాన్వాయ్ (బళ్ళన్నీ ఒక వరసగా కలిసి వెళ్ళే) సమయానికే లారీ కదలాలి. ఆ తర్వాత బల్లకట్టు మీద లారీని దాటించాలి. మొదటి ఏడాది ఆ జోలికి పోకండి.

ఇప్పుడు మీరు అడగని సంగతి. వెళ్ళేటప్పుడు కిరాయి ఎందుకంత? దీవులకి బియ్యం నుంచి సిమెంటు దాకా అన్నీ ఇక్కడి నుంచే పోవాలి, అక్కడి నుంచి వచ్చే సరుకు చాలా తక్కువ. ఓడ రెండు వైపులా తిరిగే ఖర్చు పోయేటప్పటి సరుకే మోయాలి. కాబట్టి వచ్చేటప్పుడు కిరాయి చౌకగా మాట్లాడుకోవచ్చు. నేను ఎండు వక్కలు, కొబ్బరి తెస్తున్నాను. అక్కడి డబ్బుని నగదుగా కాకుండా వక్కగా తెచ్చుకుంటే షాపులవాళ్ళ బాకీ కూడా తొందరగా కదులుతుంది, వాళ్ళ చుట్టాలకే తోటలుంటాయి. వానల్లో ఆరబెట్టిన వక్క మాత్రం కొనకండి, పగలగొట్టి చూస్తే లోపల బూజు ఉంటుంది. పడౌక్ కలప, పగడాలు, సముద్ర దోసకాయల (పేరుకే దోసకాయలు, ఇవి సముద్ర జీవులు) గురించి ఎవరైనా ఆశ పెడితే వినకండి. కలపని 2002లోనే సుప్రీంకోర్టు కట్టడి చేసింది, మిగతావి వన్యప్రాణి చట్టం కింద జైలుకి పోయే పనులు.

మీకు అక్కడ మనిషి ఉన్నాడు, అది నిజంగా పెద్ద బలం. అయితే అతనికి జీతమా, వాటానా, బాకీ వసూలు కాకపోతే నష్టం ఎవరిది అన్నది మొదటి బస్తా కట్టకముందే కాగితం మీద రాసుకోండి. బావా నేనూ అది రాసుకోక ఒక సంక్రాంతికి మాట్లాడుకోకుండా గడిపాం.

డబ్బు పెట్టేముందు మీ తమ్ముడికి ఒక పని చెప్పండి. ఒక పుస్తకం తీసి, ఓడ రావడానికి ముందు రోజు, వచ్చిన మూడో రోజు, పదో రోజు, ఇరవయ్యో రోజు ఆరేడు సరుకుల టోకు ధరలు రాయమనండి. ఓడ చెప్పిన తేదీ ఏది, వచ్చిన తేదీ ఏది అన్నది పక్కన వేయమనండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక అక్కడ నెట్ బాగానే పనిచేస్తోంది, ఫొటో తీసి పంపితే చాలు. మూడు ఓడల లెక్క చేతికొచ్చాక ఇక్కడే పెట్టండి. నా పుస్తకంలో అవే తేదీల ధరలు ఉంటాయి, పక్కపక్కన పెట్టి చూద్దాం.